వంతెన కింద ఆరు లోడ్లు

అర్జీ మూడోసారి కూడా వెనక్కి వచ్చింది. ఈసారి ప్యూన్ చేతికిచ్చి పంపకుండా ఇంజనీరమ్మే స్వయంగా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"ఇది మీదేనా?"

"నాదేనండి."

"పదకొండో ప్రశ్న పైకి చదవండి."

చదివాడు. 'కూల్చాక వచ్చే శిథిలాలు ఎక్కడ వేస్తారు?' దాని కింద అతని చేతిరాతలో ఒకే ఒక్క మాట ఉంది: బయట.

"బయట అంటే? ఈ గది బయటా, ఊరి బయటా?"

వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అతని చెవులు వేడెక్కాయి. తండ్రి పోయినప్పటి నుంచీ, అంటే పదేళ్ళుగా, పాత ఇళ్ళు కూల్చే కాంట్రాక్టులు చేస్తున్నాడు. మున్సిపల్ ఆఫీసులో ఏ ఇంజనీరూ ఏనాడూ ఆ సంగతి అడగలేదు. అసలు ఫారం పదో ప్రశ్నతో అయిపోయేది. ఈ పదకొండోది, నెల కిందట బదిలీ మీద వచ్చిన ఈ ఇంజనీరమ్మతో పాటే వచ్చింది.

"మిమ్మల్ని అందరూ సుత్తి అంటారట, నిజమేనా?" అంది గొంతు తగ్గించి.

"కొట్టే సుత్తండి. చెప్పే సుత్తి కాదు."

"అయితే ఫరవాలేదు. చెప్పే సుత్తి నేను. ఈ ఆఫీసులో నా చాటున నాకు అదే పేరు."

నవ్వాలో మానాలో తెలియక నిలబడ్డాడు. ఆమె మాత్రం నవ్వింది. నవ్వితే ఎడమ కన్ను కాస్త ఎక్కువ మూసుకుంటుందని అతను గమనించాడు. గమనించనట్టు ఫారం వైపు చూశాడు.

"వినండి. పెద్ద యంత్రం పెట్టి ఒక్క రోజులో పడగొట్టేయకండి. ముందు పది రోజులు మనుషులతో విప్పించండి. తలుపులు, కిటికీలు, దూలాలు, మంచి ఇటుకలు, ఏవీ పగలకుండా. పాత బస్సుల షెడ్డులో మనమే యార్డు తెరుస్తున్నాం, అక్కడికి తెండి. ఇల్లు కట్టుకునేవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. పగిలినవాటిని మెషీన్లో పొడి చేసి ఫుట్‌పాత్ రాళ్ళు పోయిస్తాం. యార్డులో దింపినందుకు రసీదు ఇస్తాం. ఆ రసీదు లేనిదే ఆ స్థలంలో కొత్త కట్టడానికి పర్మిషన్ ఉండదు. అంటే ఇంటి ఓనరే మీ వెంటపడి..."

"ఒక్క మాటలో చెప్పండి మేడం."

"సుత్తి అని ముందే చెప్పాను కదా."

అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే అతని చూపు ఆమె చేతిలోని ఫైలు మీద పడింది. అట్టకి ఒక ఫొటో గుచ్చి ఉంది. పెద్ద కాలువ, దాని మీద వంతెన, వంతెన కింద సగం కాలువని మింగి కూర్చున్న శిథిలాల గుట్ట.

వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"పాత గోడ చూస్తే అది ఎప్పటిదో, ఎవరు కట్టారో చెప్పేస్తారట మీరు," అంది ఆమె. "రేపు పొద్దున నాతో ఈ కాలువ దగ్గరికి వస్తారా? ఈ గుట్ట ఏ బిల్డింగుదో తెలిస్తే, వేసినవాడెవడో తెలుస్తుంది."

"వస్తానండి," అన్నాడు. రానంటే ఎందుకని అడుగుతుందేమోనని భయం.

*

ఆ గుట్ట ఏ బిల్డింగుదో చెప్పడానికి అతను కాలువ దాకా వెళ్ళనక్కర్లేదు. మూడు నెలల కిందట ఒక డాక్టరు గారి పాత క్లినిక్ కూల్చాడు. రెండు రోజుల్లో స్థలం శుభ్రంగా కావాలన్నారు. చెత్త వేసే చోటు నలభై కిలోమీటర్ల అవతల ఉంది. ఆదివారం మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద పిట్ట కూడా లేని సమయం చూసి, ఆరు టిప్పర్ లోడ్లు వంతెన పక్కన దింపేశాడు. అప్పుడు అది తప్పనిపించలేదు. అందరూ చేసేదే.

మర్నాడు కాలువ గట్టు మీద నిలబడి, ఆ క్లినిక్ ఆకుపచ్చ మొజాయిక్ గచ్చు ముక్కలు ఎండకి మెరుస్తుంటే చూశాడు. ఆమె ఒక ముక్క ఏరి అతని అరచేతిలో పెట్టింది.

"చెప్పండి."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇలాంటి గచ్చు చాలా చోట్ల ఉంటుందండి. చెప్పలేం."

"అయ్యో." నిజంగానే నిరాశపడింది. తర్వాత కాలువ వారన వరుసగా ఉన్న ఐదు చిన్న ఇళ్ళలో మూడోదాన్ని చూపించింది. "అది మా ఇల్లు. నేనూ అమ్మమ్మా ఉంటాం. పోయినేడు, ఈ గుట్ట లేనప్పుడే, నీళ్ళు గడప దాటి లోపలికి వచ్చాయి. అప్పుడు నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం. ఆవిడ ఒక్కతే మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుందట. ఫోన్ చేస్తే నేను భయపడతానని చెయ్యలేదు. అందుకే బదిలీ అడిగి మరీ వచ్చాను."

ఇంటి గోడ మీద మోకాలెత్తున తడి మరక ఇంకా ఉంది. అతను దాన్నించి చూపు తిప్పుకోలేకపోయాడు.

"వేసినవాడు దొరికితే ఏం చేస్తారు?"

"ముందు చెంప మీద ఒకటి. తర్వాత రిపోర్టు."

అతని చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. గడ్డం గోక్కుంటున్నట్టు నటించాడు.

"మున్సిపాలిటీ ప్రొక్లెయిన్‌తో తీయించేయవచ్చు కదండి?"

"రిపేర్లో ఉంది. బయటి నుంచి తెప్పించాలంటే టెండరు. టెండరయ్యేసరికి వానలొచ్చేస్తాయి." ఆకాశం వైపు చూసింది. ఎక్కడా మబ్బు లేదు. అయినా ఆమె మొహంలో వాన అప్పుడే మొదలైనట్టుంది.

*

పదకొండో ప్రశ్నకి సరైన జవాబు రాసి అర్జీ పెడితే పర్మిషన్ వచ్చింది. బజారు వీధి చివర రెండంతస్తుల పాత ఇల్లు. పది రోజులు తలుపులు విప్పారు, దూలాలు దించారు, ఇటుకలకి అంటిన సున్నం గీకారు. ఆమె రోజూ తనిఖీకి వచ్చేది. వచ్చినప్పుడల్లా అరగంట మాట్లాడేది.

"ఈ కిటికీ చూడండి, మన ఇద్దరి వయసు కలిపినా దీనికంటే తక్కువే. దీన్ని సుత్తితో కొట్టడానికి మీకు చేతులెలా వచ్చేవండీ?"

"చేతులు రాకపోతే కూలి రాదు కదండి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మీరొస్తారు కదా, భయం."

ఆమె సరదా అనుకుంది. అతనన్నది నిజం. ఫోన్లో ఆమె పేరు కనిపిస్తే చాలు, ముందు సంతోషం, దాని వెనకే భయం. 'తెలిసిపోయిందేమో' అనుకుంటూ ఎత్తేవాడు. 'టీ తాగారా' అని వినపడగానే కాళ్ళలోకి మళ్ళీ ప్రాణం వచ్చేది. అద్దం ముందు నిలబడి చొక్కా మార్చుకుంటూ, ఎవరికోసం ఈ ముస్తాబు, నిన్ను పట్టుకోవడానికి తిరుగుతున్న మనిషి కోసమా, అని తనని తానే తిట్టుకునేవాడు.

తండ్రి కాలం నుంచి ఉన్న మేస్త్రి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆ లోడ్లు దింపిన రోజు టిప్పర్ పక్కన ఉన్నదీ ఆయనే.

"బాబూ, ఆమెకి తెలిసే దారి లేదు. నేను చెప్పను. నువ్వు చెప్పకు. హాయిగా పెళ్ళి చేసుకో."

"హాయిగానా మేస్త్రీ?"

మేస్త్రి బీడీ ఆర్పేసి మాట మార్చాడు.

ఆదివారం అతను మేస్త్రినీ నలుగురు కూలీలనీ తీసుకుని కాలువలోకి దిగాడు. చేతులతో ఎత్తగలిగినంత ఎత్తి యార్డుకి పంపాడు. సాయంత్రానికి రెండు లోడ్లు పోయాయి. అడుగున పెద్ద దిమ్మలూ, అడ్డంగా పడిన ఒక కాంక్రీటు బీమూ మిగిలాయి. వాటికి యంత్రం కావాలి. అద్దెకి తేవచ్చు. కానీ కాలువలో యంత్రం దించాలంటే ఆఫీసులో రాసివ్వాలి. రాసిస్తే, నీకెందుకయ్యా ఇంత శ్రద్ధ, అని అడుగుతారు. వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకున్నాడు.

తల ఎత్తేసరికి గట్టు మీద ఆమె ఉంది. కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"ఎవరో పారేసిన దాన్ని మీరెందుకు ఎత్తుతున్నారు?"

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాడు.

"ఊరికే... ఖాళీగా ఉన్నాం కదా అని."

"మీలాంటి మనిషిని నేను చూడలేదు," అంది. ఆ మాట అతనికి చెంప మీద దెబ్బకంటే గట్టిగా తగిలింది.

లోపలికి రమ్మంది. అమ్మమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు వంగవు. గుమ్మం పక్కన ఒక సంచిలో మందులు, రెండు చీరలు సర్ది ఉన్నాయి.

"ఇవాళ వాన పడుతుందా బాబూ?" అని అడిగింది టీ గ్లాసు అందుకుంటూ.

"లేదండి. మబ్బు లేదు."

"మబ్బు లేకపోయినా నాకు వినపడుతుంటుంది. ఈ పిల్ల నవ్వుతుంది. నీళ్ళు మంచం కిందికి వచ్చేటప్పుడు చప్పుడు చెయ్యవు, తెలుసా? నా కాలి చెప్పు తేలుతూ వచ్చి మంచం కోడుకి తగిలింది. అప్పుడు తెలిసింది నాకు."

అతను టీ తాగలేకపోయాడు.

*

గురువారం పొద్దుటే మొదలైంది వాన. పదింటికల్లా రోడ్డు అవతలి మనిషి కనపడడం లేదు. అతను మేస్త్రిని వెంటబెట్టుకుని కాలువ దగ్గరికి పరుగెత్తాడు.

నీళ్ళు ఎర్రగా, చిక్కగా వంతెన కింద సుళ్ళు తిరుగుతున్నాయి. ముందుకి దారి లేక పక్కకి పొంగుతున్నాయి. మొదటి రెండిళ్ళవాళ్ళు సామాను నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోతున్నారు. మూడో ఇంట్లో నీళ్ళు అప్పటికే గడప దాటాయి. ఆమె అమ్మమ్మని లేపడానికి ఒక్కతే అవస్థ పడుతోంది.

అతను వంగి ముసలావిడని రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. ఎదురింటి మేడ మెట్లు పదహారు. ప్రతి మెట్టుకీ ఆవిడ వేళ్ళు అతని మెడని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. పైన కుర్చీలో కూర్చోబెట్టి కిందికి వచ్చేసరికి వంతెన మీద మున్సిపాలిటీ ప్రొక్లెయిన్ ఉంది. ముందురోజే రిపేరు పూర్తయిందట. కానీ అది కదలడం లేదు. ఆమె అప్పటికే దాని పక్కన ఉంది, అతనూ మేస్త్రీ అక్కడికి పరుగెత్తారు.

"వల్లకాదు మేడం," అంటున్నాడు ఆపరేటర్. "నీళ్ళ కింద ఏం ఉందో నాకు కనపడట్లేదు. గుడ్డిగా బకెట్ దించితే గట్టు గోడకి తగలొచ్చు. గోడ పోయిందంటే ఇళ్ళన్నీ ఒకేసారి పోతాయి. వాన తగ్గనివ్వండి."

"తగ్గేదాకా ఇళ్ళుండవు," అంది ఆమె. గొడుగు ఎప్పుడో ఎగిరిపోయింది. మిగిలిన ఇళ్ళలో ఒకదాని కిటికీ లోంచి ఇంకా మనుషుల కేకలు వినపడుతున్నాయి.

మేస్త్రి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. వద్దు అన్నట్టు తల ఊపాడు.

నీళ్ళ కింద ఏం ఉందో తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆ సంగతి చెబితే ఆమె మొహం ఎలా మారుతుందో కూడా అతనికి తెలుసు. జీవితంలో ఎన్నో గోడలు మీద పడబోతుంటే తప్పించుకున్నాడు. ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"గోడకి ఆనుకుని ఏమీ లేదు," అన్నాడు. "గుట్ట మొత్తం రెండో స్తంభానికి ఎడమ పక్కన ఉంది. నాలుగు లోడ్లు. అడుగున పన్నెండడుగుల బీము అడ్డంగా పడుంది, దాని ఇనప కడ్డీలు ఎగువ వైపుకి ఉన్నాయి. ముందు దాన్ని పట్టి లాగితే మిగతాది నీళ్ళే తోసుకుపోతాయి."

ఆపరేటర్ నోరు తెరిచి చూశాడు. ఆమె మెల్లిగా ఇటు తిరిగింది.

"మీకెలా తెలుసు?"

"నేనే వేశాను. డాక్టరు గారి క్లినిక్‌ది. ఆరు లోడ్లు. రెండు మొన్న తీశాను."

ఆమె చెంప మీద కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఒక్క క్షణం చూసి, ఆపరేటర్ వైపు తిరిగింది.

"ఆయన చెప్పినట్టు దించండి."

అతను వంతెన పిట్టగోడ మీద బోర్లా వంగి చెయ్యి చూపిస్తూ ఉంటే బకెట్ నీళ్ళలోకి దిగింది. మొదటిసారి ఖాళీగా వచ్చింది. రెండోసారి జారింది. మూడోసారి కడ్డీలు చిక్కాయి. బీము పైకి లేస్తుంటే వంతెన అదిరింది, అందరూ వెనక్కి పరుగెత్తారు. అతను కదల్లేదు. బీము గట్టు మీద పడ్డాక, కాలువ ఒక్కసారిగా ఊపిరి వదిలినట్టు నీళ్ళు ముందుకి దూకాయి.

మూడో ఇంట్లో నీళ్ళు గడప కిందికి దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. అతను చుట్టూ చూశాడు. ఆమె వెళ్ళిపోయింది.

*

మర్నాడు జరిగిందంతా కాగితం మీద రాసి కమిషనర్ గారికి ఇచ్చాడు. వారం తర్వాత విచారణకి పిలిచారు. ఆమె రిపోర్టు కమిషనర్ పైకి చదివారు. మొదటి పేరాలో అతని తప్పు తేదీతో సహా, ఒక్క మాట తగ్గించకుండా ఉంది. రెండో పేరా చదివేటప్పుడు కమిషనర్ కళ్ళజోడు సర్దుకున్నారు.

'ఈ లోడ్లు పడిన నాటికి, శిథిలాలు ఇక్కడ వేయండి అని ఊళ్ళో మనం చూపించిన చోటు లేదు. ఎక్కడ వేస్తారని అడిగిన ఫారం లేదు. వేస్తుంటే చూసే మనిషి లేడు. తప్పు ఆయనది. ఆ తప్పును సులువు చేసింది మనం.'

ఆరు నెలలు కూల్చివేత పనులు చేయకూడదన్నారు. కాలువ ఈ చివర నుంచి ఆ చివర దాకా సొంత ఖర్చుతో శుభ్రం చేయాలన్నారు. అలాగే బస్సుల షెడ్డు యార్డుని శాశ్వతం చేశారు, ఊరికి అటు చివర ఇంకొకటి తెరవమన్నారు. తోటి కాంట్రాక్టర్లు నెల రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి యార్డు రసీదు ఎలా తీసుకోవాలని అడిగారు.

ఆమె రోజూ కాలువకి వచ్చేది. టేపు పెట్టి కొలిచేది, పుస్తకంలో రాసుకునేది, వెళ్ళిపోయేది. "ఇక్కడ ఇంకో అడుగు తవ్వాలి." "సరేనండి." అంతే. గలగలా మాట్లాడే మనిషి నోరు విప్పకపోతే ఎంత భయంగా ఉంటుందో అతనికి ఆ నలభై రోజుల్లో తెలిసింది. తిట్టినా బాగుండుననిపించేది.

నలభై ఒకటో రోజు కాలువ చివరికంటా తేటగా పారింది. ఆమె పుస్తకంలో సంతకం పెట్టి మూసింది. కానీ వెళ్ళలేదు.

"ఆ రోజు నాకు భయం వేసింది," అంది కాలువ వైపు చూస్తూ. "నీళ్ళని చూసి కాదు. మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అలాగే మిమ్మల్ని నమ్ముతూ ఉండేదాన్ని. అది తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు."

"చెబితే మీరు వెళ్ళిపోతారని నాకు భయం."

"వెళ్ళిపోయానుగా."

"వెళ్ళిపోయారు. అయినా చెప్పినందుకు బాధ లేదండి. ముందే చెప్పనందుకే బాధ."

ఆమె పుస్తకాన్ని చంకలో పెట్టుకుంది. తర్వాత ఆఫీసరు గొంతుతో అడిగింది. "ఇంకేమైనా దాచారా నా దగ్గర?"

"ఒకటుందండి."

"చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టం. కౌంటర్ దగ్గర నవ్వినప్పటి నుంచీ."

"అది దాచానని అనుకుంటున్నారా? మీ మేస్త్రిని అడగండి, మా ప్యూన్‌ని అడగండి. ఆ ప్రొక్లెయిన్ ఆపరేటర్‌కి కూడా తెలుసు." ఎడమ కన్ను కాస్త మూసుకుంది. నలభై రోజుల తర్వాత మొదటిసారి. అంతలోనే మొహం మళ్ళీ గంభీరమైంది. "అమ్మమ్మకి తెలియనిది మాత్రం ఒకటుంది. ఆ లోడ్లు మీవని. నేను చెప్పలేదు. మీరే చెప్పాలి. ఇప్పుడే."

మూడో ఇంటికి ఇరవై అడుగులు. అతనికి ఇరవై మైళ్ళు నడిచినట్టుంది. ఆవిడ మంచం మీదే ఉంది. అతన్ని చూసి మొహం విప్పారింది. "రా బాబూ, రా. ఇన్నాళ్ళూ కిటికీ లోంచి చూస్తున్నాను, లోపలికి రావేం?"

అతను కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఒక్క లోడు కూడా తగ్గించలేదు. ఆమె గుమ్మంలో నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. తన అమ్మమ్మ ఏమంటుందో ఆమెకీ తెలియదు. ఆమెకీ భయంగానే ఉంది.

ముసలావిడ చాలాసేపు కిటికీ వైపు చూసింది. బయట చినుకులు మొదలయ్యాయి. ముగ్గురూ విన్నారు.

"మెట్ల మీద నీ గుండె దడదడా కొట్టుకుంటుంటే నా బరువుకనుకున్నాను," అంది చివరికి. "అది బరువు కాదన్నమాట."

"కాదండి."

"కోపం వచ్చింది నాకు. రేపు కూడా ఉంటుంది. ఎల్లుండి కూడా ఉండొచ్చు. తెలిసిందా?"

"తెలిసిందండి."

"ఈ పిల్ల దగ్గర ఇంకోసారి ఏదైనా దాచావంటే ఆ కాలువలోకి నేనే తోస్తాను."

"దాచనండి."

"దాచనండి ఏమిటి, నేనేమన్నా ఆఫీసరునా? ఈ ఇంటికి వచ్చేవాడివి, అమ్మమ్మా అని పిలువు."

మొదటిసారి మాట పెగల్లేదు. రెండోసారి సగమే వచ్చింది. ఆమె గుమ్మంలోంచి వచ్చి అతని పక్కన నిలబడి, అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి అతని చెయ్యికంటే చల్లగా ఉంది.

"అమ్మమ్మా," అన్నాడు.

"ఆఁ, ఇప్పుడు కూర్చో," అంది ఆవిడ, మంచం మీద కాస్త జరిగి చోటిస్తూ.